పొట్టి ముక్కు సముద్రపు పాము దొరికిన మాట నిజమే, కోలుకుందనుకుంటే మాత్రం తొందరపాటే

మీరు అడిగినవి మూడు. అంతరించిపోయిందనుకున్న పొట్టి ముక్కు సముద్రపు పాము ఆస్ట్రేలియాలో మళ్లీ కనిపించిందన్న వార్త నిజమేనా, నిజమైతే ఇన్నేళ్లూ ఎక్కడుంది, జూలై సెలవుల్లో పెర్త్ నుంచి పిల్లలతో పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలోని నింగలూ పగడపు దిబ్బకి వెళ్లి స్నార్కెలింగ్ చేస్తే దానివల్ల ప్రమాదం ఉంటుందా.

ముందు సూటిగా చెప్తాను. వార్త నిజమే. పాము ఎక్కడా దాక్కోలేదు, మనం వెతకని చోట దాని మానాన అది బతుకుతోంది. కానీ ఒకప్పుడు దాని సొంత ఊరు అనుకున్న, టిమోర్ సముద్రంలోని ఆష్‌మోర్ దిబ్బ లోతు తక్కువ నీళ్లలో మాత్రం పోయింది పోయినట్టే ఉంది. పిల్లల గురించి టెన్షన్ పడకండి. ఆ పాము మీ కంటపడే అవకాశమే చాలా తక్కువ, కంటపడ్డా ముట్టుకోకపోతే చాలు.

నేను పశ్చిమ ఆస్ట్రేలియాలో సముద్ర జీవుల సర్వేల్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. రొయ్యల ట్రాలర్ల మీద వలలో పడ్డ పాముల్ని గుర్తుపట్టడం, కొలవడం, బతికున్నవాటిని మళ్లీ నీళ్లలో వదలడం నా పనిలో పెద్ద భాగం. మిగతా సమయంలో డైవర్లు పంపే ఫొటోలు చూసి ఏ పామో చెప్తుంటాను. కాబట్టి ఇది చదివి తెలుసుకున్నది కొంత, చేతుల్లో పట్టుకుని తెలుసుకున్నది కొంత.

ఈ పాము శాస్త్రీయ నామం ఐపిసూరస్ అప్రెఫ్రొంటాలిస్. 1926లో మాల్కమ్ స్మిత్ దీన్ని వర్ణించాడు. ఈయన సయాం (ఇప్పటి థాయిలాండ్) రాజుగారి ఆస్థానంలో వైద్యుడు, భారతదేశపు సరీసృపాల మీద కూడా పెద్ద పని చేసినవాడు కాబట్టి మన దగ్గర పాముల మీద ఆసక్తి ఉన్నవాళ్లకి పేరు తెలిసే ఉంటుంది. పాము చిన్నది, సన్నది, 60 సెంటీమీటర్లు దాటడం అరుదు. చిన్న తల, కొంచెం మొనదేలిన ముక్కు, ముదురు గోధుమ రంగు ఒళ్లు, దాని మీద లేత పట్టీలు. తోక మాత్రం తెడ్డులా పక్కల నుంచి చదునుగా ఉంటుంది, ఈత మొత్తం దానిమీదే.

నాగుపాము, కట్లపాము ఏ కుటుంబమో ఇదీ ఆ కుటుంబమే. నేలమీద తిరిగే ఆస్ట్రేలియా విషపాముల్లోంచే ఈ సముద్రపు పాములు వచ్చాయి, అదీ పరిణామ లెక్కల్లో చూస్తే ఈమధ్యనే. అందుకే ఇప్పటికీ గాలి పీల్చడానికి పైకి రావాల్సిందే, మొప్పలు లేవు. ఊపిరితిత్తి ఒళ్లు పొడవునా సాగి ఉంటుంది, కొన్ని జాతులు చర్మం ద్వారా కూడా నీళ్లలోని ఆక్సిజన్ కొంత తీసుకుంటాయి, పసుపు పొట్ట సముద్రపు పాములో ఇది మొత్తం అవసరంలో మూడో వంతు దాకా ఉండొచ్చని కొలిచారు. ఉప్పుని బయటికి పంపే గ్రంథి నాలుక కింద ఉంటుంది. అయినా ఉప్పునీళ్లు తాగి బతికేస్తాయనుకోకండి. పరిశోధన జరిగిన జాతుల్లో చాలావరకు దాహం వేస్తే మంచినీళ్ల కోసమే చూస్తాయి. వాన పడ్డప్పుడు సముద్రం పైన పల్చగా తేలే తియ్యటి నీళ్లు తాగుతాయి. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఈ పాము గుడ్లు పెట్టదు. నీళ్లలోనే పిల్లల్ని కంటుంది, ఒడ్డుకి రావాల్సిన పనే లేదు. తిండి చిన్న చేపలు, మలుగు జాతి చేపలు. పగడాల సందుల్లో, గుంటల్లో తల దూర్చి వెతుక్కుంటుంది. ఆ సన్నటి తల అందుకే పనికొస్తుంది.

ఇప్పుడు ఆష్‌మోర్ కథ. టిమోర్ సముద్రంలో, ఆస్ట్రేలియా తీరానికి వందల కిలోమీటర్ల అవతల, ఇండోనేషియా వైపు ఉండే పగడపు దిబ్బ అది. ప్రపంచంలో సముద్రపు పాములు అన్ని జాతులు, అంత సంఖ్యలో ఉండే చోటు మరొకటి లేదని చెప్పుకునేవాళ్లు. 1973లోనూ 1994లోనూ అక్కడ సర్వే చేసినవాళ్లకి తొమ్మిది జాతులు కనిపించాయి, సగటున రోజుకు 40కి పైగా పాములు. 2002కి అది రోజుకు 21కి పడింది. 2006 నుంచి 2010 మధ్య రోజుకు 1 నుంచి 7. పొట్టి ముక్కు పాము, దానితోపాటు దాని దగ్గరి బంధువైన ఆకు పొలుసుల పాము, ఈ రెండూ 2001 తర్వాత అక్కడి సర్వేల్లో కనిపించడం మానేశాయి. 2011లో ఆస్ట్రేలియా కేంద్ర చట్టం కింద రెండింటినీ తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో పెట్టారు.

నాకు ఇందులో మింగుడుపడని విషయం ఏంటంటే, ఆష్‌మోర్ 1983 నుంచీ రక్షిత ప్రాంతం. అక్కడ ట్రాలింగ్ లేదు, పెద్ద రేవు లేదు, ఫ్యాక్టరీల మురుగు లేదు. ఇండోనేషియా సంప్రదాయ జాలర్లకి 1974 ఒప్పందం కింద ఆ చుట్టుపక్కల పరిమితంగా అనుమతి ఉంది గానీ, వాళ్లు పాముల కోసం వచ్చేవాళ్లు కాదు. పగడాలు తెల్లబడటం, రోగం, చమురు అన్వేషణలో చేసే పేలుళ్ల శబ్దం, పిల్లలు పుట్టినా పెద్దవి కాకపోవడం, ఇలా చాలా కారణాలు అనుకున్నారు. ఏదీ రుజువు కాలేదు. కొందరు 2009 ఆగస్టులో టిమోర్ సముద్రంలోనే మొదలైన మోంటారా చమురు లీకేజీ మీదికి నెట్టేస్తారు. తేదీలు చూడండి, అప్పటికే పాములు దాదాపు లేవు. చమురు మంచిదని కాదు, దీనికి అది జవాబు కాదని. రక్షిత ప్రాంతం అని బోర్డు పెట్టినంత మాత్రాన జీవి బతకదని నేను ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఆష్‌మోర్ పేరే చెప్తాను.

మరి దొరికింది ఎక్కడ? మొదటి ఆధారం సముద్రంలో కాదు, మ్యూజియంలో దొరికింది. వాయవ్య ఆస్ట్రేలియా తీరంలో అంతకు ముందు పట్టుబడిన కొన్ని పాముల నమూనాలు సీసాల్లో ఉన్నాయి. వాటిని ఎవరూ పట్టించుకోలేదు, లేదా దారి తప్పి కొట్టుకొచ్చినవి అనుకున్నారు, లేదా వేరే పేరు రాసి పెట్టారు. 2015లో కేట్ సాండర్స్ అనే పరిశోధకురాలి బృందం వాటి పొలుసులు, డీఎన్‌ఏ రెండూ చూసింది. ఎక్స్‌మౌత్ గల్ఫ్‌లో, రోబోర్న్, బ్రూమ్ ఊళ్లకి ఎదురుగా సముద్రంలో పట్టుకున్నవి పొట్టి ముక్కు పాములేనని తేలింది. వాటిలో కొన్ని 2012 దాకా పట్టుబడినవి, అంటే ఆష్‌మోర్‌లో కనబడటం మానేసిన పదేళ్ల తర్వాతవి. పైగా ఆష్‌మోర్ పాములకీ వీటికీ తేడాలు ఉన్నాయి కాబట్టి ఇవి కొట్టుకొచ్చినవి కావు, ఇక్కడే పుట్టి పెరిగే వేరే గుంపు అని వాళ్లు చెప్పారు. ఆ వెంటనే, నింగలూ రీఫ్‌లో జత కడుతున్న రెండు పొట్టి ముక్కు పాముల ఫొటో ఆధారంగా బ్లాంచ్ డీఅనస్టాసి బృందం ప్రకటన చేసింది. అదే పరిశోధనలో ఆకు పొలుసుల పాము షార్క్ బే సముద్రపు గడ్డి మైదానాల్లో దొరికింది, ఆష్‌మోర్‌కి దాదాపు 1,700 కిలోమీటర్ల దక్షిణాన. పగడం లేకపోతే బతకదనుకున్న పాము గడ్డిలో హాయిగా ఉంది.

మీరు చదివిన వార్త బహుశా 2021 నాటిది. ఫాల్కర్ అనే పరిశోధన నౌక ఆష్‌మోర్ దగ్గర రిమోట్‌తో నడిచే యంత్రాన్ని లోతుకి దించితే, 67 మీటర్ల దగ్గర, వెలుతురు మసకబారే నీళ్లలో, కెమెరాకి ఒక పొట్టి ముక్కు పాము చిక్కింది. రెండు దశాబ్దాల తర్వాత ఆ దిబ్బ దగ్గర అదే మొదటిసారి. అంతకు ముందు దాన్ని పది మీటర్ల లోపు నీళ్ల పాము అనే అనుకునేవాళ్లం. సముద్రపు పాములు ఇంకా లోతుకి దిగగలవని వేరే చోట్ల తెలిసింది, బ్రౌజ్ బేసిన్‌లో చమురు కంపెనీల కెమెరాలకి 240 మీటర్ల దగ్గర కూడా చిక్కాయి. కాబట్టి పైన కరువైన జాతి కింద కొంత మిగిలి ఉండొచ్చు అన్న ఆశకి ఆధారం ఉంది. కానీ ఒక్క పాము కనబడితే అది ఒక్క పామే. దాన్ని చూసి జాతి కోలుకుందని రాసిన శీర్షికలు నాకు అస్సలు నచ్చలేదు.

ఎందుకు నచ్చలేదో చెప్పాలంటే ఈ పాముల సంసారం గురించి చెప్పాలి. చేపలు, పగడాలు లక్షల్లో గుడ్లు వదుల్తాయి, అవి ప్రవాహంలో కొట్టుకుపోయి ఎక్కడో కొత్త దిబ్బ మీద మొలకెత్తుతాయి. పాముకి ఆ సౌకర్యం లేదు. పిల్ల ఎక్కడ పుట్టిందో ఆ చుట్టుపక్కలే పెరుగుతుంది. దీనికి దగ్గరి చుట్టమైన ఆలివ్ సముద్రపు పాము ఆడది పిల్లల్ని కనే వయసుకి రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది, కడుపుతో తొమ్మిది నెలల దాకా ఉంటుంది, కనేది రెండు నుంచి ఐదు పిల్లల్ని. ఇలాంటి జీవి ఒక దిబ్బ మీద ఖాళీ అయితే పక్క దిబ్బ నుంచి వచ్చి నిండటం మన జీవితకాలంలో జరిగే పని కాదు. నింగలూలో ఉన్నవి ఆష్‌మోర్‌కి వెళ్లి ఆ లోటు పూడ్చవు. రెండు చోట్ల ఉన్న జాతి ఒక చోట దాదాపు పోయింది, రెండో చోట ఉన్న సంగతి మనకి ఆలస్యంగా తెలిసింది. జరిగింది ఇంతే.

ఆ రెండో చోటుకి ఉన్న ఇబ్బందులు ఆష్‌మోర్‌కి లేనివి. ఎక్స్‌మౌత్ గల్ఫ్, అంటే నింగలూ పక్కనున్న ఖాతం, రొయ్యల ట్రాలింగ్ జరిగే చోటు. వల నీళ్లలో ఎంతసేపు ఉంటే పాము అంతసేపు ఊపిరి బిగబట్టాలి. కాసేపు లాగిన వలలోంచి వచ్చే పాములు చాలావరకు చురుగ్గా ఉంటాయి, ఎక్కువసేపు లాగిన వలలో అడుగున, రొయ్యల బరువు కింద నలిగి వచ్చినవి తోక కూడా కదపవు. అలాంటివాటిని వెంటనే విసిరేయకుండా నీడలో, తడి డబ్బాలో కాసేపు ఉంచితే కొన్ని తేరుకుంటాయి. ఒకసారి అలా డబ్బాలో పెట్టిన చిన్న గోధుమరంగు పాముని డెక్ మీద అందరూ చచ్చిందనుకున్నారు. తల పొలుసులు చూద్దామని లెన్స్ తెచ్చేలోపు కదిలింది. అది పొట్టి ముక్కు పామే. కొలిచి, ఫొటోలు తీసి వదిలాం, బాగానే ఈదుకుంటూ దిగింది. అది అంత అరుదైనదని ఆ పడవ మీద ఎవరికీ అప్పటిదాకా తెలియదు, తెలిశాక మాత్రం తర్వాతి వలలో పడ్డ ప్రతి పామునీ జాగ్రత్తగా చూశారు. జాలర్లని విలన్లుగా చూపించే వ్యాసాలతో నాకు పడనిది అందుకే. వల చివరి సంచికి దగ్గరగా తప్పించుకునే కిటికీ పెడితే పాములు బయటపడటం బాగా పెరుగుతుందని పరీక్షల్లో తేలింది. వల లాగే సమయం తగ్గించడం ఇంకో దారి. రెండూ పడవ వాళ్లు ఒప్పుకుంటేనే అయ్యే పనులు.

ఇక వేడి. 2010-11లో పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో సముద్రం విపరీతంగా వేడెక్కినప్పుడు షార్క్ బే గడ్డి మైదానాల్లో మూడో వంతుకి పైగా దెబ్బతిన్నాయి. 2025 మొదట్లో నింగలూ పగడాలు తెల్లబడటం మీరే వార్తల్లో చూసి ఉంటారు. పాము నేరుగా వేడికి చావకపోవచ్చు, కానీ అది తల దూర్చే సందులు, అందులో ఉండే చేపలు పోతే దానికి మిగిలేది ఏముంది?

ఇప్పుడు ప్రమాదం సంగతి. సముద్రపు పాముల విషం తేలిక కాదు. అది నరాల నుంచి కండరాలకి వెళ్లే సంకేతాన్ని ఆపుతుంది, కొన్ని జాతుల్లో కండరాల్నే కరిగిస్తుంది. కాటు దగ్గర నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవచ్చు, అదే మోసం. అరగంట నుంచి కొన్ని గంటల్లో ఒళ్లంతా నొప్పులు, కనురెప్పలు వాలిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం మొదలవుతాయి. 2018లో ఉత్తర ఆస్ట్రేలియాలో ఒక ట్రాలర్ మీద వల పైకి లాగుతుండగా కాటు తిని ఒక యువకుడు చనిపోయాడు. గమనించండి, వల మీద. కాట్లలో ఎక్కువ భాగం చేపల వేటలోనే, పాము వలలో చిక్కుకుని ఉన్నప్పుడే జరుగుతాయి. నీళ్లలో స్వేచ్ఛగా ఉన్న పాము ఈతగాణ్ని కరవడం చాలా అరుదు.

సముద్రపు పాము నోరు చిన్నది, వేళ్ల మధ్య చర్మం తప్ప కరవలేదు అన్న మాట అబద్ధం. నమ్మకండి. ఎక్కడైనా కరవగలదు. ఒకవేళ కాటు పడితే గాయం కోయడం, పీల్చడం వద్దు. ఆ చెయ్యి లేదా కాలు మొత్తానికీ బ్యాండేజీ గట్టిగా చుట్టి, కర్ర కట్టి, కదలకుండా ఉంచి అక్కడి అత్యవసర నంబర్ 000కి ఫోన్ చేయండి. ఆస్ట్రేలియాలో సముద్రపు పాములకి ప్రత్యేకంగా విరుగుడు మందు ఉంది. దాన్ని తయారు చేయడానికి వాడేది ముక్కు సముద్రపు పాము అనే వేరే జాతి విషం, మనం మాట్లాడుకుంటున్న పొట్టి ముక్కు పాముది కాదు. మన కాకినాడ, విశాఖ వలల్లో జెల్లల వెంట పడి తరచూ చిక్కేది ఆ జాతే.

ఇంటి దగ్గర సముద్రంలోకి వెళ్లే బంధువులు ఎవరైనా ఉంటే ఈ ముక్క తప్పకుండా చెప్పండి. ఇండియాలో ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి ఈ నాలుగింటికే. సముద్రపు పాము కాటుకి అది పనిచేస్తుందని నమ్ముకోకూడదు. వెంటిలేటర్, డయాలసిస్ రెండూ ఉన్న పెద్ద ఆసుపత్రికి నేరుగా తీసుకెళ్లాలి, నొప్పి లేదు కదా అని ఇంట్లో కూర్చోకూడదు.

నింగలూలో మీకు నిజంగా కనబడగలిగేది పొట్టి ముక్కు పాము కాదు, ఆలివ్ సముద్రపు పాము. ఇది రెండు మీటర్ల దాకా పెరుగుతుంది, ఆసక్తి ఎక్కువ, మనిషి దగ్గరికి తనంతట తానే వస్తుంది. జూలై అక్కడ చలికాలం కాబట్టి ఇంకో మాట. గ్రేట్ బారియర్ రీఫ్‌లో సేకరించిన డైవర్ సమాచారంతో 2021లో వచ్చిన అధ్యయనం ప్రకారం, డైవర్ల మీదికి పాములు దూసుకురావడం జత కట్టే చలికాలంలోనే ఎక్కువ. వచ్చేవి ఎక్కువగా మగవి, ఆడపాము అనుకుని వస్తాయి, కొన్నిసార్లు కాలి ఫిన్ చుట్టూ చుట్టుకుంటాయి కూడా. కోపంతో కాదు. అప్పుడు చేయాల్సింది కదలకుండా ఉండటం. నాలుకతో తడిమి చూసి, కాదని తెలుసుకుని వెళ్లిపోతుంది. తన్నితే, పారిపోతే వెంటపడుతుంది. పిల్లలకి ఒడ్డు మీదే ఇది ఒకసారి ఆడి చూపించండి. "పాము వస్తే బొమ్మలా ఉండాలి" అంటే పిల్లలు బాగా గుర్తుపెట్టుకుంటారు. నిజానికి నింగలూలో టర్కాయిస్ బే అనే బీచ్ దగ్గర నీటి ప్రవాహం మీకు పాముల కంటే వెయ్యి రెట్లు పెద్ద ప్రమాదం, అక్కడి హెచ్చరిక బోర్డు చదవకుండా ఎవర్నీ నీళ్లలోకి దించకండి.

ఒకవేళ చిన్న, సన్నటి, గోధుమరంగు పాము కనబడితే మీరు నిజంగా ఉపయోగపడే పని చేయొచ్చు. దూరం నుంచే తల పైభాగం, పక్క నుంచి ముఖం, ఒంటి మధ్యలో పొలుసులు స్పష్టంగా పడేలా ఫొటో తీయండి. నాకు వచ్చే ఫొటోల్లో సగం తోకవే, తోక చూసి ఏ జాతో చెప్పడం దాదాపు అసాధ్యం. తారీఖు, సుమారు లోతు, కింద ఇసుకా, గడ్డా, పగడమా అన్నది రాసుకుని, జీవుల ఫొటోలు అందరూ పంచుకునే ఐనేచురలిస్ట్‌ వెబ్‌సైట్‌లో పెట్టండి. ప్రమాదంలో ఉన్న జాతులకి ఖచ్చితమైన చోటు బయటికి కనబడకుండా అదే దాచేస్తుంది కాబట్టి భయం లేదు.

ఒడ్డున ఇసుక మీద పాము పడి ఉంటే మాత్రం చచ్చిందనుకుని ముట్టుకోకండి, జాలిపడి నీళ్లలోకి నెట్టకండి కూడా. తుఫాను తర్వాత ఒడ్డుకి కొట్టుకొచ్చేవి సాధారణంగా జబ్బుతోనో గాయంతోనో ఉంటాయి, తిరిగి నెడితే మునిగిపోతాయి. పిల్లల్ని దూరంగా ఉంచి, గాయపడ్డ అడవి జీవుల కోసం ఉన్న వైల్డ్‌కేర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి చోటు చెప్పండి, వాళ్లు వచ్చేదాకా కుక్కలు దగ్గరికి రాకుండా చూస్తే చాలు.